సుద్ద తిరిగిన చోటు

బేతంచెర్లలో మా పాలిష్ ఫ్యాక్టరీ వెనక
నాపరాయి కోసిన బురద ఎండి
పిండి ఆరబోసినట్ల ఉంటాది.
ఆ పిండిలో ఒక సున్నా.
రోజూ అదే చోట, అదే కొలత.

గీసింది సుద్ద.
నాలుగేండ్ల ఆడకుక్క.
తెల్లగా పుట్టలేదు, ఈడి దుమ్ముకు తెల్లబడింది.

రంపం ఆగితే చాలు, మొదలుపెడతాది.
తోక కోసం తిరుగుతాది
ఎడమకే, ఎప్పుడూ ఎడమకే.
బొమికె ఏసినా చూడదు.
పేరు పెట్టి పిలిస్తే
ఒక చెవి మాత్రం మన దిక్కు వస్తాది,
తక్కిన కుక్కంతా ఆడనే.

కూలోళ్లు మొదట్లో నవ్వినారు.
ఫోన్లో పట్టి ఒకరికొకరు పంపుకున్నారు.
మద్దిలేటి పందెం కూడా కాసినాడు,
నూరు చుట్లకు ఒక టీ.
తోక కొస చిట్లి పాలిష్ రాయి మీద
ఎర్రగా చిలికిన పొద్దున
ఎవరూ టీ అడగలేదు.

కుక్క తోక వంకర అంటారు.
ఆ వంకర తనకే కనబడి
దాన్ని పట్టుకునేదాకా కన్ను మూయని కుక్కకు
మన దగ్గర సామెత లేదు.

ఆటోలో గోనెసంచి పరిచి డోన్‌కు తీసకపోయినా.
పశువుల డాక్టరు సువార్తమ్మ
తోకకు కట్టు కట్టి
చేతులు కడుక్కుంటా అడిగింది:
"దీని తల్లి గానీ తండ్రి గానీ ఇట్ల చేసేవా?"

నేను చెప్పినా:
మా నాయన గ్యాంగ్‌మన్.
తలుపు గడియ ఏడుసార్లు లాగి చూసేటోడు,
పొరపాటున ఎనిమిది అయితే
మళ్లీ ఒకటి నుంచి.
కాళ్లు కడుక్కొని గడప దాకా వచ్చి
మట్టి అంటిందని ఎనక్కి పోయేటోడు.
బిందె నీళ్లకు మైలు నడిచే ఊర్లో.
ఆ బిందెలు మా అమ్మ మోసింది.
ఊరు చాదస్తం అనింది.
దర్గాలో తాయెత్తు కట్టిస్తే
దాని ముడులు లెక్కబెట్టుకుంటా కూర్చున్నాడు.

సగంలో నోరు మూసుకున్నా.
ఆమె అడిగింది కుక్క గురించి గదా.

సువార్తమ్మ పెన్ను కింద పెట్టింది.
"రెండూ ఒకటే అని నేను చెప్పలేను," అనింది,
"ఇంకా ఎవరూ తేల్చలేదు.
కొన్ని జాతి కుక్కలు దుప్పటి మూల చప్పరిస్తా
పూటంతా అట్లనే ఉండిపోతాయి.
వాటి రక్తంలో వెతుకుతున్నారు.
ఏమన్నా దొరికితే
మనుషుల రక్తంలో కూడా చూస్తారు."

నేను లారీకెక్కే రాళ్లు లెక్క రాసే మనిషిని.
ఒక్క రాయి తేడా రాదని
ఓనరు నలుగురిలో మెచ్చుకుంటాడు.
లారీ పోయినాక కూడా లెక్కబెడతానని
ఆయనకు తెలీదు.
ఖాళీ నేలను.

మందుల షాపు పిల్లోడు చీటీ చూసి
"ఎవరికక్కా?" అన్నాడు.
"సుద్దకు."
"వయసు?"
"నాలుగు."
ఉలిక్కిపడి తలెత్తినాడు.
కుక్కంటే నవ్వినాడు.
"మనుషుల మాత్రలే ఇవి.
కడిగిన చేతులే కడిగేటోళ్లకు ఇస్తారు."

అంటే అట్లాంటోళ్లు ఇంకా ఉండారన్నమాట.
వాళ్లకొక మాత్ర ఉందన్నమాట,
మా నాయన డ్యూటీ దిగిన స్టేషన్‌కు
ఫర్లాంగు దూరంలో, అద్దాల బీరువాలో.
అప్పుడు కూడా ఉండెనా అని
అడగబోయి, చిల్లర తీసుకొని వచ్చేసినా.

జొన్నరొట్టె ముక్కలో పెట్టి ఇస్తాండా.
నెలన్నర పడుతుందని చెప్పింది.
నిన్న రంపం ఆగినాక
సుద్ద నాలుగు చుట్లు తిరిగి నిలబడింది.
ఎవరిదో అన్నట్ల తోకను చూసింది.
పండుకుంది.
నాలుగే.
లెక్కబెట్టింది నేను.

చీటీ వెనక సువార్తమ్మ
కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక గది నంబరు రాసింది.
కుక్కకు కాదు.
ఆ కాగితం పర్సులో ఉందో లేదో
పొద్దున చూసినా, బస్సెక్కేముందు చూసినా,
గేటు దగ్గర ఇంకోసారి.

ఉంది.