పదకొండు తర్వాతి వేడి

పదకొండుకి షట్టరు సగం దించాక కూడా
మత్తికెరెలో మా బేకరీ పొయ్యి
ఇంకో గంటన్నర వేడి వదలదు.
పగలంతా బన్నులూ దిల్‌పసందులూ కారా బిస్కెట్లూ
కడుపులో పెట్టుకుని మోసిన ముసలిది,
ఒక్కసారిగా నిద్రపొమ్మంటే పోతుందా?

ఆ మిగులు వేడి ఇంజినుది.

ఇంజిను అంటే కుక్క.
పడుకున్నా లేచినా పాత లారీలా గురకపెడుతుందని
పక్క టీ కొట్టు శివరుద్రయ్య పెట్టిన పేరు.
ఎడమ కన్ను తెల్లబడింది. కుడి చెవి సగమే.
వయసెంతో ఎవరికీ తెలీదు,
ఎదుటి ఏటీఎం రాకముందు నుంచీ ఉందంటారు.

మొన్న కొత్త సంవత్సరం రాత్రి
వీధి పిల్లలు ప్రేమతోనే పెట్టారు,
ప్లమ్ కేకు, అరకిలో.
తెల్లారేసరికి వాంతులు,
గోడవైపు తిరిగిన మొహం,
పిలిస్తే కదలని తోక.
ఆటోలో ఒళ్ళో వేసుకుని హెబ్బాళ దాకా పోయాను.
డాక్టరు పొన్నమ్మ అడిగింది, ఏం తిన్నదీ అని.
కేకు అన్నాను.
అందులో ఏముంది?

ఆ ప్రశ్నకి ఈ వీధిలో
నాకంటే బాగా జవాబు చెప్పగలవాడు లేడు.
ఎండుద్రాక్ష, పదిహేను రోజులు నానింది.
జాజికాయ పొడి. మాడ్చి పోసిన చక్కెర పాకం.
నానబెట్టింది నేను. పొడి కొట్టింది నేను.
కలిపి, కాల్చి, పైన చెర్రీ గుచ్చి
డబ్బాలో సర్దిందీ నేనే.
"ద్రాక్ష వీటి మూత్రపిండాలకి విషం" అందావిడ,
నన్ను తిట్టకుండా.
తిట్టుంటే బాగుండేది.

మూడు రోజుల సెలైను. బతికింది.
వచ్చేటప్పుడు చీటీ మీద
మందులకంటే ఎక్కువ వద్దులు రాసిచ్చింది:
ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు,
ఉప్పు, చక్కెర,
చక్కెర లేదని రాసుండే తీపి అసలే వద్దు.
చదువుతుంటే
మా బేకరీ బోర్డు చదువుతున్నట్టే ఉంది.

మరి ఏం మిగిలింది?
రాగి మిగిలింది.
పలమనేరులో మా అవ్వ సంగటి కెలికిన రాగి,
నేను ఈ ఊరొచ్చి మైదా నేర్చుకుని
మొహం చాటేసిన రాగి.
దాంట్లోకి ఉడికించిన గుమ్మడి గుజ్జు,
ఒక గుడ్డు, చెంచాడు కొబ్బరి నూనె.
ఈస్టు లేదు, సోడా లేదు,
ముప్పై యేళ్ళ చెయ్యి, అయినా పిండి మాట వినలేదు.
మొదటి వాయి రాళ్ళు.
రెండోది బొగ్గు.
మూడోసారి గుమ్మడి తడి తగ్గించి
దగ్గుమందు సీసా మూతతో గుండ్రంగా కోసి
పొయ్యి చల్లబడే మూలకి జరిపాను.

అప్పుడొచ్చింది వాసన.
వెనిల్లా కాదు, వెన్న కాదు,
కోతలైన చేలో ఎవరో
చలిమంట వేసుకున్నట్టు.

ఒకటి కొరికి చూశాను.
చప్పన. పరమ చప్పన.
ఇది అద్దాల బీరువాలో పెడితే
మా యజమాని శేషాద్రి నన్ను వీధిలోకి తోస్తాడు.

ఇంజిను ముందు పెట్టాను.
మూడుసార్లు వాసన చూసింది,
నా చేతిని, బిస్కెట్టుని, మళ్ళీ నా చేతిని.
ఈ చెయ్యి చేసిందేమిటో దానికి తెలీదు.
తెలిసినా కొరికేదే కాబోలు.
కరకర.
ఆ తర్వాత నేలమీద రాలిన పొడి కూడా.
ముప్పై యేళ్ళలో నా బిస్కెట్టు తిని
నేల నాకినవాళ్ళు లేరు.

ఇప్పుడు రోజూ పదకొండు తర్వాత ఇదే పని.
రెండు కంటే ఎక్కువ పెట్టను.
అడుగుతుంది, పెట్టను.

నిన్న నా రక్తపరీక్ష కాగితం వచ్చింది.
నాకు రాసిన వద్దులూ అంతే పొడుగు.
మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం,
డబ్బా మధ్యలో.
దానికి రెండు, నాకు రెండు.
శివరుద్రయ్య గ్లాసులు కడుగుతూ నవ్వాడు,
"ఏనప్పా, నాయి బిస్కెట్టా?"
నోటినిండా రాగి, ఏం చెప్తాను.

మూడోదాని కోసం ఇంజిను
నా మోకాలి మీద మూతి ఆనించింది.
లేదే, అన్నాను.
నాకూ లేదు.