తొంభై రెండు

మూత లోపల రాసే ఉంది: ఆక్టేన్ తొంభై రెండు.
పదమూడేళ్ళ బండి. ఉలాన్‌బాతర్ పొగలోంచి
వారం వారం వస్తాడు దష్‌జెవెగ్.

ఓసారి ఊరవతల ఎనభై పోయించుకున్నాడట.
కనుమ ఎక్కుతుంటే
డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు
ఇంజను ఒకటే గోల.

తక్కువైతే చెబుతుంది, ఎక్కువైతే చెప్పదు,
అంటుంటాను నేను, గొట్టం విదిలిస్తూ.
ఖరీదైన పెట్రోలు తాగినంత మాత్రాన
ముసలి గుర్రం పందెం గెలుస్తుందా?
దాని ఆకలి అంతే.

ఇవాళ మైనస్ ముప్ఫై.
చేతితొడుగు పళ్ళతో లాగి, నోట్లు లెక్కపెట్టి
"తొంభై ఐదు," అన్నాడు. "నిండా."

నేను మూత వైపు చూశాను.
"తెలుసులే," అన్నాడు.
రేపు పొద్దున్నే కొన్నవాళ్ళొచ్చి తోలుకుపోతారట.

ఇంకేమీ అనకుండా
రెండో గొట్టం అందుకున్నాను.