బఠాణీ వీధి

తార్తు, ఎస్టోనియా

మా పేటలో వీధులకు రాజుల పేర్లు లేవు.
బఠాణీ వీధి, చిక్కుడు వీధి, బంగాళాదుంప వీధి.
ఊరంతా మమ్మల్ని చూసి నవ్వుతుంది,
పులుసుపేట వాళ్లని.
నవ్వనీ.
మా చిరునామా చదివితే ఆకలేస్తుంది,
ఏ రాజు పేరుకుంది ఆ గుణం?

నలభై ఏళ్లు పియానోలు శ్రుతి చేశాను.
ఏ ఇంట్లో ఏ స్వరం తప్పుతుందో నాకు తెలుసు:
పళ్ల డాక్టరు ఇంట్లో మంద్రంలో ఒకటి,
బడి పియానోలో చిమటలు కొరికిన సుత్తులు ఏడు.
ఇంటికొచ్చినా చెవి మూతపడేది కాదు.
కెటిల్ కూత అరస్వరం తక్కువ,
తలుపు కీలు ఎక్కువ,
విర్వె గొంతు విసుగులో కాస్త జారింది –
ఏదో ఒకటి సరిచేయందే నిద్ర పట్టేది కాదు.

ఈ తోట నేను కోరుకున్నది కాదు, ముందే చెబుతున్నా.
ముగ్గురు కలిసి అంటగట్టారు.

మొదట లియొంటీనె అత్త.
సైబీరియా నుంచి తిరిగొచ్చిన సాయంత్రం
కోటు అంచు కుట్టు పళ్లతో తెంపి
బల్ల మీద దులిపింది:
నల్లగా, నలుసుల్లాంటి ఉల్లి విత్తనాలు,
ఇరవయ్యో ముప్ఫయ్యో.
నేను ఎనిమిదేళ్లవాణ్ణి, లెక్కపెడుతూ తుమ్మాను.
కొట్టలేదు. నేల మీద పాకుతూ మళ్లీ ఏరింది.
అక్కడి సంగతి ఎప్పుడడిగినా ఒకటే మాట:
"మట్టి రెండు మూరలు గడ్డకట్టేది.
అయినా ఉల్లి ఉల్లే."
కలుపు పీకి గట్టు మీద పడేస్తే మాత్రం అరిచేది,
"పులుసులోకి వచ్చేదాన్ని పారేస్తావా!"

తర్వాత ఎండెల్. దడి అవతల, పాత పోస్టుమాన్.
బతుకంతా ఊరి మాటలు మోసి మోసి
తనకంటూ కొన్నే దాచుకున్నాడు,
వేసవికి రెండో మూడో.
గడ్డం గీసుకునే బ్లేడుతో ఆపిల్ కొమ్మ చీల్చి
ఇంకో చెట్టు పుల్ల అందులో దూర్చి
సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు.
"ఇప్పుడేం చేయాలి?" అన్నాను.
"టీ" అన్నాడు.
కాయడానికి నాలుగేళ్లు పట్టింది.
నాలుగేళ్లూ టీ తాగాం.

ఇక విర్వె.
నేను దారం లాగి వరసలు గీస్తే
సరిగ్గా వాటి మధ్యలో ఫ్లాక్స్ పూలు నాటేది, కావాలనే.
"ఇది పియానో కాదు, ఒప్పుకో."
ఒప్పుకోలేదు.
ఇరవై రెండేళ్లు పోట్లాడుకున్నాం
జానెడు మట్టి కోసం.
తల్లేరు పొంగి (మా నది పేరు నిజంగా అదే) మళ్లలోకొచ్చిన వసంతంలో
రబ్బరు బూట్లతో నీళ్లలో నిలబడి
"చూడు, నీ వరసలన్నీ ఎంత సాపుగా ఉన్నాయో" అని నవ్వింది.
నవ్వు దగ్గయింది.
ఆ ఏడు తను జూన్ చూడలేదు.
నేను తోట చూడలేదు.

మరుసటి ఏడు బఠాణీకి పందిరి వేద్దామంటే
షెడ్డులో దారం లేదు,
ఎప్పుడో విప్పి పడేసిన పియానో తీగల చుట్ట ఉంది,
తుప్పు పట్టి.
రెండు గుంజల మధ్య లాగి కట్టాను.
అలవాటు చొప్పున మీటాను.
అబ్బ! పరమ ఘోరం.
ఆదివారం వచ్చి బిగిద్దాంలే అనుకున్నా.
ఆదివారం వచ్చేసరికి
తీగను తీగ పట్టుకుంది.
సన్నటి పచ్చటి నులి, రెండు చుట్లు చుట్టి,
మూడోదానికి గాలిలో తడుముకుంటోంది.
బిగిస్తే తెగుతుంది.
బిగించే తాళం చేతిలో పట్టుకుని
చాలాసేపు నిలబడ్డాను.
జేబులో వేసుకున్నాను.

రాత్రి పదకొండు. ఇంకా వెలుతురే.
దోమలు కుడుతున్నాయి.
ఎవరి కిటికీలోంచో పియానో,
పైస్థాయిలో ఒక స్వరం కిందికి జారి ఉంది.
విన్నాను. అంతే, విన్నాను.
ఉల్లి మడి నడుమ ఫ్లాక్స్ మొలక ఒకటి
ఎవరూ నాటకుండానే లేచింది, వరసకు అడ్డంగా.
దాన్ని చుట్టుకుని వెళ్లి
కలుపు గుప్పెడు కోశాను, పులుసులోకి.

దడి అవతల ఎండెల్ గొంతు సవరించుకున్నాడు.
ఈ వేసవికి రెండో మాట:
"టీ."