కళ్ళ దిండు

పొడవు జానెడు, వెడల్పు బెత్తెడు.
అంతకంటే గుడ్డ అక్కర్లేదు రెండు కళ్ళకి.

పట్నం బజారు ఆవిడెవరో కొలతలిచ్చి
మళ్ళీ రాని జాకెట్టు తాలూకు
నెమలికంఠం రంగు పట్టుముక్క
రెండేళ్ళుగా మిషను సొరుగులో ఉంది.
ఇవాళ దానికి పని దొరికింది.

అక్క యార్డు నించి వచ్చేసరికి ఏడు.
తేజా రకం తొడిమలు తీయాలంటే
సువార్తమ్మ చెయ్యే కావాలంటారు.
గడప బయటే చెంగు దులుపుతుంది,
వీధి వీధంతా తుమ్ముతుంది.
కళ్ళని ఎట్లా దులుపుకుంటుంది?
చుక్కల మందు, తడిగుడ్డ, ఎవరో చెప్పిన పచ్చిపాలు,
అన్నీ అయ్యాయి.

లాలాపేట మూలికల కొట్లో పావుకిలో అవిసె గింజలడిగితే
"దగ్గుకా, మోకాళ్ళకా?" అన్నాడు ఖాజా.
కళ్ళకన్నాను.
కాసేపు ఆలోచించి
వట్టివేరు ఓ పిడికెడు ఊరికే వేశాడు.
మరువం మాత్రం కొన్నదే.
మంచం కింద పేపరు మీద నాలుగు రోజులు ఆరింది.
ఆ నాలుగు రాత్రులూ నాకు
ఎవరిదో పెళ్ళింట్లో తిరుగుతున్నట్టు కలలు.

మా ఇంట్లో చేతులు కడుక్కోవడం ఒక్క కడుగుతో పోదు.
సబ్బుతో ఓసారి, శనగపిండితో ఓసారి, మజ్జిగతో ఓసారి.
అప్పుడు గానీ సూది ముట్టలేదు.
మూడు వైపులా మిషను మీద వేసి,
తిరగేసి, అగరొత్తి పుల్లతో మూలలు పొడిచి,
గరాటు లేక కరెంటు బిల్లు చుట్టి గింజలు పోశాను.
నిండా పోయకూడదు. ముప్పాతికే.
కన్ను గుండ్రం, దిండే దానికి ఒదగాలి.

"కళ్ళకి దిండేంటే, నవ్వుతారు" అంటూనే పడుకుంది అక్క.
రెండు నిమిషాలు.
ఎడమ కన్ను భగ్గుమంటోందని లేచి కూచుంది.

విప్పాను.
చేటలో పోసి వెతికితే
గోధుమరంగు గింజల మధ్య పచ్చగా
ఒకే ఒక్క మిరపగింజ.
నా కొంగులోంచో, తన జడలోంచో,
ఈ గుంటూరు గాలిలోంచో.
అరచేతిలో పెట్టుకుని
దొంగ దొరికిన పోలీసుల్లా చూశామిద్దరం.
నవ్వి నవ్వి అక్కకి కళ్ళనీళ్ళొచ్చాయి.
మంచిదే, కడుగుతాయి.

జల్లెడ పట్టి, గుడ్డ ఉతికి, మర్నాడు మళ్ళీ నింపాను.
నాలుగో వైపు ఈసారి చేత్తోనే,
పొడుగు టాకాలు.
విప్పడం తేలికవ్వాలి కదా,
ఇక్కడ ఏదీ ఒక్కసారి కుడితే అయిపోదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది.
అక్క కదల్లేదు.
దిండు కింద సగం మొహమే కనపడుతోంది.
నోరు కొంచెం తెరుచుకుని,
చిన్నప్పుడు నా పక్కన పడుకున్నట్టే.
అట్టముక్కతో విసురుతూ కూచున్నాను.
విసిరినప్పుడల్లా వట్టివేరు, మరువం,
వాటి అడుగునించి
సన్నగా, మిరపకాయ.