బెల్

ముందు బుర్మకాన్, వెనక ఉప్పు మూటల గుర్రం,
ఆ వెనక నేను.
చీకటి ఉండగానే కదిలాం.
ఎండ తగిలాక కనుమ మీద మంచు మాట వినదట,
తొడదాకా మింగుతుందట.

మొదటి చెరువు దగ్గర ఆగలేదు.
కొండని మంచు తిరగలిలో వేసి విసిరితే
రాలిన రాతిపిండి కలిసిన నీళ్ళు,
నీలమూ కాదు, పాలూ కాదు.
గుర్రం తాగింది. నేను చేయి ముంచి
వెంటనే తీసి చంకలో పెట్టుకున్నాను.

తర్వాతంతా గుల్లరాళ్ళ వాలు.
రెండడుగులు వేస్తే ఒకటి కొండ వెనక్కి లాక్కుంటుంది.
ఊపిరి చేబదులు అడిగినట్టు
కొంచెం కొంచెంగా వస్తోంది.
బుర్మకాన్ జేబులోంచి కురుత్ ఉండ తీసిచ్చింది.
ఉప్పగా, పుల్లగా, గోలీ అంత గట్టిగా.
"కొరక్కు. బుగ్గన పెట్టుకో. అదయ్యేసరికి పైనుంటాం."
అది అయిపోయింది.
మేం ఇంకా పైన లేం.
ఇంకోటిచ్చింది.

కనుమ మీద రాళ్ళ కుప్ప, గాలికి చిరిగిన గుడ్డపీలికలు,
ఎవరిదో ఒంటి చేతితొడుగు.
రెండు వైపులా ఆకాశం కిందకే ఉంది.
"మా భాషలో బెల్ అంటే కనుమ,
బెల్ అంటే నడుము కూడా" అంది
తన నడుం మీద రెండు చేతులూ వేసి.
"మా ఆయన ఉన్నప్పుడు వేసవికి ఆరుసార్లు దాటేవాళ్ళం.
ఇప్పుడు బెల్ నొప్పి అంటే
ఏ బెల్ అని అడుగుతాడు మనవడు."
నవ్వింది. నవ్వడానికీ గాలి చాలలేదు.

దిగుతుంటే పటం విప్పాను.
రెండో చెరువు, బొటనవేలంత నీలం,
రాత్రి బస దాని ఒడ్డునే.

మలుపు తిరిగాం.
బూడిదరంగు బురద, ఎండి పలకలుగా పగిలిన నేల,
నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవో
రాళ్ళ మీద తెల్లటి గీత.
"నిరుడు ఒక రాత్రి కట్ట తెంచుకుని పోయింది.
పదకొండు గొర్రెలు, మా ఇనప పొయ్యి,
ఎర్నిస్ సైకిలు."
కొలిచి కొనుక్కున్న సరుకుల్లా చెప్పింది.

గుడారం వేసింది, పాత ఒడ్డునే,
తలుపు లేని నీళ్ళ వైపుకే.
మూటలు దించగానే గుర్రం
అలవాటైన దారిలో గీత దాకా నడిచి
మెడ వంచింది.
చాలాసేపు వంచే ఉంచింది.

బుర్మకాన్ ఏమీ అనలేదు.
బకెట్టు పట్టుకుని బురద నడుమ పారే
జెడపాయంత సన్నటి ధార దగ్గర కూర్చుంది,
నిండడానికి ఎంత పడితే అంతసేపు.

పెన్సిలు తీశాను, నీలాన్ని కొట్టేద్దామని.
వేళ్ళు కొంకర్లు పోయాయి.
లేకపోతే కొట్టేసేవాణ్ణేమో, తెలీదు.

టీ కాగుతుంటే అడిగాను, సైకిలు దొరికిందా అని.
"వెనక చక్రం దొరికింది, కింది లోయలో.
గాలికి లేవకుండా
యుర్త్ కప్పు తాడుకి బరువు కట్టాడు.
రాత్రుళ్ళు తిరుగుతుంటుంది.
వినిపిస్తే భయపడకు."