తలకట్టు

హెణ్ణూరు రోడ్డులో నా గోడౌనుకి బోర్డు లేదు.
లోపల మాత్రం ఊరందరి పేర్లూ ఉన్నాయి
ముక్కలుగా, గోనెసంచుల్లో.

థర్మకోల్ అక్షరాలు పారెయ్యను నేను.
పదకొండేళ్ల కింద
మొదటి అడ్వాన్సు వెనక్కి ఇచ్చేసిన సాయంత్రం
నేర్చుకున్న పొదుపు అది.
పూలు వాడిపోతాయి, సాంబారు మర్నాటికి పులుస్తుంది,
అక్షరం ఇంకో పెళ్లికి పనికొస్తుంది.

రాత్రి పదకొండు. తెల్లారితే పెళ్లి.
అమ్మాయి విరజ, హిందూపురం వాళ్లు.
పేరు తెలుగులోనే ఉండాలన్నాడు తండ్రి.
అబ్బాయి చేతన్, మండ్య వాళ్లు.
కన్నడంలోనే అంది తల్లి.
ఒకటే బోర్డు, రెండు పంతాలు,
నడుమ బంగారు రంగు గుండె ఒకటి.
దాని గురించి ఎవరూ పేచీ పెట్టలేదు.

వి దొరికింది. జ దొరికింది.
జకి తలకట్టు ఉండదు,
అందుకే అది ఏ భాష పెళ్లికైనా వెళ్లొస్తుంది.
ర లేదు.
ఉన్నది కన్నడ ర,
పోయిన నెల భైరవ అనే పెళ్లికొడుకు నుంచి ఊడదీసింది.
ఆ భైరవ ఎట్లా ఉన్నాడో తెలీదు,
ర మాత్రం చెక్కు చెదరలేదు.

"తల తీసెయ్యమంటారా మేడం?"
కత్తి పట్టుకుని అడిగాడు నూరుల్లా.
శివాజీనగర్ వాడు,
రెండు లిపులూ చదవలేడు, రెండూ కోస్తాడు.
అడ్డగీత చెక్కేసి
చిన్న టిక్కు మార్కు అతికించాడు,
అచ్చం నేను రన్‌షీట్‌లో పెట్టుకునే టిక్కు.
ఫెవికాల్ ఆరేదాకా ఇద్దరం టీ తాగాం.

రన్‌షీట్ ఎనిమిది పేజీలు.
మూడున్నరకి మార్కెట్లో సేవంతి
(చామంతి అని అడిగితే కిలోకి ఇరవై ఎక్కువ చెప్తారు).
ఆరుకి నాదస్వరం వాళ్లకి కాఫీ, ఇద్దరికి చక్కెర లేకుండా.
పదీ నలభై రెండుకి జీలకర్రా బెల్లం.
పురోహితుడికది ముహూర్తం,
నాకు సౌండ్ కుర్రాడి వైపు ఎత్తాల్సిన చెయ్యి.

తొమ్మిదో పేజీ ఎవరూ రాయరు.
మేనత్త అలక,
జనరేటర్ మునెప్ప కూతురికి నొప్పులు,
వాన.

ఐదుంబావుకి వచ్చింది,
రిసెప్షన్‌కి పిలిచినవాళ్లందరికంటే ముందు.
పదిహేడుమందిమి టార్పాలిన్ కింద చేతులెత్తి నిలబడ్డాం.
దూరం నుంచి చూసినవాళ్లకి
మొక్కుతున్నట్టు ఉండి ఉంటుంది.
నీళ్లు తోస్తున్నాం, అంతే.
జనరేటర్ రొదలో ఫోన్ చెవికి నొక్కుకుని
మునెప్ప అరిచాడు:
"పుట్టింది మేడం! ఏం బిడ్డో వినపడలా!"

బోర్డు తడిసి
ర మీది తలకట్టు జారిపోయింది.
తెలుగూ కాక కన్నడమూ కాక
బోడితలతో నిలబడింది రాత్రంతా.
ఎవరూ చూడలేదు.
ఫోటోలు బాగా వచ్చాయట.

ఒంటిగంటకి లెక్కలు.
పెళ్లికూతురి చిన్నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ
"పూలు తడిసిపోయినాయి కదమ్మా, పది శాతం తగ్గించుకో" అన్నాడు.
వాన నా వెండర్ కాదు సార్,
అందామనుకున్నాను.
ఐదు దగ్గర తెగింది.

కట్టడానికి రెండు రోజులు,
విప్పడానికి గంటన్నర.
ఇంటికొచ్చి చూసుకుంటే
నా చెప్పు అడుగున అంటుకుని ఉంది
ఆ టిక్కు.

మూడు వారాలకి మునెప్ప ఫోన్.
"మనవరాలికి పేరు పెడుతున్నాం మేడం, మాలూరులో.
బోర్డు కావాల. నా బాడుగలో పట్టుకోండి."
ఏం పేరు?
"బిడ్డ చెవిలో చెప్పేదాకా బయట చెప్పకూడదు గదా."
ఏ భాషలో?
"ఇంట్లో తెలుగు, రేపు బడిలో కన్నడం...
సంచులన్నీ తెచ్చేయండి మేడం."

డబ్బులొద్దన్నాను.
నూరుల్లాకి ఫోన్ చేసి
కత్తి మర్చిపోవద్దని చెప్పాను.