ఏడింట మూడు

వీడియోలో వాన కురుస్తూనే ఉంది.
చిలోయే దీవిలో రేకుల కప్పు బడి,
మైకు నిండా చినుకులే.
పిల్లల మాటల్ని వాటి అడుగు నుంచి
పడవలో నీళ్లు తోడినట్టు తోడుకోవాలి మేము.

నాలుగో నిమిషం, పదకొండో సెకను.
బోర్డు మీద మూడింట రెండు, పక్కన కూడిక గుర్తు,
ఆ పక్కన నాలుగింట ఒకటి.
రయేన్ లేచి నిలబడింది. తొమ్మిదేళ్లుంటాయి.
ఎడమ కాలి మేజోడు జారి
చీలమండ దగ్గర ముద్దయి ఉంది.
"ఏడింట మూడు" అంది.

ఇక్కడ మా గదిలో హీటరు, చల్లారిన మాతే కషాయం,
ముప్పై రెండు గళ్ల పట్టిక.
పదిహేడో గడిలో గుర్తు పెట్టేశాను:
పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపింది.
పాత తప్పే. ఎన్ని బళ్లు తిరిగినా ఎదురయ్యే తప్పే.
దానికి మా దగ్గర ఒక నంబరు కూడా ఉంది.
తపాలా గుమాస్తాలా ముద్ర గుద్ది
ముందుకు జరపబోయాను.

"ఆపు" అంది ఒబ్దూలియా.
ముప్పై ఏళ్లు సుద్దముక్కలు అరగదీసి
ఆ తర్వాతే పరిశోధనకొచ్చిన మనిషి.
"పిల్లను చూశావు. టీచర్ని చూశావా?"

ఏం చూడాలి? ఆవిడ ఏమీ చేయడం లేదు.
ఎలియానా కార్కమో, చేతిలో సుద్దముక్క,
నిలబడి ఉంది, అంతే.
స్టాప్‌వాచీ నొక్కాను.
రెండు.
మూడు. మేం చూసిన చాలా తరగతుల్లో
ఈపాటికి ప్రశ్న పక్క బెంచీకి వెళ్లిపోతుంది.
అయిదు. వెనకెవడో కిసుక్కుమన్నాడు.
ఆవిడ తల తిప్పలేదు.
ఎనిమిది.
తొమ్మిదో సెకనులో అడిగింది,
"నీకెలా కనబడిందో నాకూ చూపిస్తావా?"

చూపించింది.
నిన్న ఆటుకు నీళ్లు వెనక్కెళ్లాక
నాన్నతో ఒడ్డుకు పోయిందట.
ముందు మూడు ఆల్చిప్పలు తవ్వారు, రెండింట్లో మాంసం.
నల్లరాయి అవతల నాలుగు, ఒక్కదాంట్లోనే.
తక్కినవాటిలో బురద.
"ఏడు తెరిచాం, మూడు తిన్నాం" అంది
అరచేతులు రెండూ చిప్పల్లా తెరిచి మూస్తూ.

పెన్ను కింద పెట్టాను.
ఆ ఏడు ఏడే. ఆ మూడు మూడే.
సముద్రాన్ని పిలిచి సాక్ష్యం అడిగినా
పిల్ల పక్షానే చెబుతుంది.

టీచరు తల ఊపింది.
"ఆల్చిప్పలకు నీ లెక్క సరిపోయింది.
ఇప్పుడు రొట్టె. ఒక్కటే రొట్టె.
మూడింట రెండు మీ తమ్ముడు తినేశాడు,
నాలుగింట ఒకటి నువ్వు తిన్నావు."
మళ్లీ ఊరుకుంది.
ఈసారి వాచీ నొక్కడం మర్చిపోయాను.

రయేన్ మేజోడు పైకి లాక్కుంది.
కిటికీ వైపు చూసింది, బోర్డు వైపు చూసింది.
"ఏడింట మూడంటే సగం కూడా లేదు...
మా తమ్ముడొక్కడే సగం దాటేశాడు కదా!"
ఎవరో తన వంతు రొట్టె కాజేసినంత కోపంగా అంది.

అక్కడ కెమెరా బ్యాటరీ అయిపోయింది.
పన్నెండింట పదకొండు దాకా వెళ్లిందో లేదో,
ఆ చివరి చిన్న ముక్క ఎవరికి దక్కిందో
మాకు తెలియదు.

ఒబ్దూలియా కళ్లద్దాలు తుడుచుకుంటూ గొణిగింది:
"పిల్ల లెక్క చేయాలంటే
ముందు పిల్లను ఎవరో ఒకరు లెక్కచేయాలి కదా."
ఆ మాట రిపోర్టులో రాద్దామా అంటే
వద్దు, సంపాదకులు కొట్టేస్తారంది.

పట్టిక అంచున స్కేలు పెట్టి
ముప్పై మూడో గడి గీశాను.
పైన ఏం పేరు పెట్టాలో తోచక
"ఆల్చిప్పలు" అని రాశాను.
కంప్యూటరు దాన్ని ఒప్పుకోలేదు.
కాగితం మీద అలాగే ఉంది.

రాత్రి బజారు నుంచి తెచ్చినవి ఉడకబెడితే
పదకొండింట రెండు నోరు విప్పలేదు.
పొయ్యి ఆర్పేసి,
మూత తీసి,
కాసేపు ఊరికే నిలబడ్డాను.